ఆవర్జాకెక్కని పద్దులు

మా పై వాటాలో అద్దెకుంటున్నవాళ్ళ అమ్మాయి తెలుగులో బ్లాగు మొదలుపెట్టి నలభై రోజులైంది. మొన్న ఆదివారం మెట్ల మీద నన్ను ఆపి ఫోను చూపించింది. "తాతయ్యా, నలభై రోజులకు ఇంతమంది వచ్చారు. బాగున్నట్టా, లేనట్టా?" కళ్ళజోడు పైకి తోసుకుని ఆ అంకె చూశాను. ఏం చెప్పాలో తోచలేదు. ఇదే ప్రశ్న 2009లో నేనూ వేసుకున్నాను. జవాబు కోసం అంకెల ముందు కూర్చుని చాలా రాత్రులు పాడుచేసుకున్నాను.

నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న ఫ్యాక్టరీ అకౌంట్స్ గదిలో ముప్పై ఏళ్ళు చిట్టా, ఆవర్జా రాసినవాణ్ణి. రూపాయి తేడా వస్తే అది దొరికేదాకా ఉప్పల్ బస్సు ఎక్కేవాణ్ణి కాదు. అంత లెక్క తెలిసినవాణ్ణయినా నా సొంత బ్లాగు లెక్క దగ్గరికి వచ్చేసరికి అక్షరం రానివాడిలా ప్రవర్తించాను. మెట్ల మీద నిలబడి చెప్పే సంగతులు కావు కాబట్టి, అమ్మాయీ, ఇలా రాసి ఇస్తున్నాను. తీరిక దొరికినప్పుడు చదువుకో.

1. నీ తలుపు నువ్వే తట్టుకుని చుట్టాలొచ్చారనుకోకు.

మొదటి నెలలో నా బ్లాగుకు రోజుకు నలభై వ్యూస్ చూపించేది. ఉప్పల్ చెరువు గురించీ, మా ఫ్యాక్టరీ సైరన్ గురించీ నేను రాసుకున్న ముచ్చట్లను నలభై మంది చదువుతున్నారని పొంగిపోయాను. ఒకరోజు మా తమ్ముడి కూతురి పెళ్ళికి వెళ్ళి మూడు రోజులు కంప్యూటర్ ముట్టలేదు. తిరిగొచ్చి చూస్తే ఆ మూడు రోజులకూ కలిపి పదకొండు. మిగిలినవాళ్ళంతా ఏమయ్యారు? మిగిలినవాళ్ళు లేరు, అది నేనే. అక్షరదోషం దిద్దడానికి ఒకసారి, ఫొటో సరిగ్గా వచ్చిందా అని ఒకసారి, ఊరికే ముచ్చటపడి పదిసార్లు తెరిచిన పేజీలన్నీ పాఠకుల ఖాతాలో పడ్డాయి. సొంత వీక్షణలను లెక్కలోంచి తీసేసే ఏర్పాటు బ్లాగర్‌లోనే ఉంటుంది. ముందు అది చూసుకో.

ఆ తర్వాతి సంవత్సరం ఇంకో ముచ్చట. దేశాలవారీ పట్టికలో అమెరికా కన్నా పైన రష్యా వచ్చి కూర్చుంది. రష్యాలో ఇంతమంది తెలుగువాళ్ళున్నారా అని నేను ఆశ్చర్యపోతే, మెడిసిన్ చదవడానికి వెళ్ళిన పిల్లలయి ఉంటారని మా ఆవిడ తేల్చింది. ఆ పిల్లల కోసం ఉగాది మీద ప్రత్యేకంగా ఒక పోస్టు కూడా రాశాను. అవి మనుషులు కావు, యంత్రాలని చాలా రోజులకు తెలిసింది. ఎక్కడి నుంచి వచ్చారన్న జాబితాలో తమ సైటు పేరు వదిలిపోతే, బ్లాగు యజమాని ఎవరా అని ఆత్రంగా దాన్ని నొక్కుతాడు కదా, అదీ వాటి ఎత్తు. నేనూ నొక్కాను. ఉగాది పోస్టు ఇప్పటికీ ఉంది, సిగ్గుపడి తీసేయలేదు.

2. మ్యాచ్ రోజు జనాన్ని చూసి మర్నాటికి సమోసాలు వేయకూడదు.

మన ఉప్పల్ స్టేడియం దగ్గర టీ బండి పెట్టుకున్న ఒకాయన నాతో అన్న మాట ఇది. నేనప్పుడు నవ్వి ఊరుకున్నాను. 2017 నవంబర్ ఆఖరున నాగోలు మెట్రో మొదలైంది. ఉప్పల్ తర్వాత స్టేడియం పేరుతోనే ఒక స్టేషన్ పెట్టారు. అక్కడ దిగి ఏ గేటుకు ఎటు నడవాలో, బండి తెచ్చుకున్నవాళ్ళు ఎక్కడ ఆపుకోవాలో వివరంగా ఒక పోస్టు రాశాను. 2018 ఏప్రిల్‌లో ఐపీఎల్ మొదలవగానే వీక్షణల గీత నిటారుగా లేచింది. నెలంతా వచ్చేవాళ్ళు ఒక్క సాయంత్రంలో వచ్చారు. నా సంగతి జనానికి తెలిసిపోయిందనుకున్నాను. ఆ ఊపులో క్రికెట్ మీద వరసగా తొమ్మిది పోస్టులు రాశాను. ఔట్‌ఫీల్డ్‌కూ మిడాఫ్‌కూ తేడా తెలియని మనిషిని! జూన్‌లో గీత మళ్ళీ నేలకు వచ్చేసింది. ఆ తొమ్మిదింటినీ చదివినవాడు లేడు.

ఆ తర్వాత 2020లో ఐపీఎల్ దుబాయ్ వైపు వెళ్ళింది. 2021లో, 2022లో మన ఊళ్ళో ఒక్క ఐపీఎల్ మ్యాచ్ కూడా పెట్టలేదు. మూడేళ్ళపాటు ఆ పోస్టు పడుకుని, 2023లో మ్యాచ్‌లు తిరిగొచ్చాక మళ్ళీ లేచింది. అందులో నేను మార్చింది ఒక్క అక్షరం లేదు. పెరిగినప్పుడు నా ప్రతిభ, తగ్గినప్పుడు జనానికి రుచి లేకపోవడం అని నాకు నేను చెప్పుకున్న కథ రెండువైపులా తప్పే. ఏప్రిల్‌ను జూన్‌తో పోల్చకు. పోయినేడు ఏప్రిల్‌తో పోల్చు, ఆ ఏడు మ్యాచ్‌లు జరిగాయో లేదో కూడా పక్కన రాసిపెట్టుకో.

3. ట్రయల్ బ్యాలెన్స్ గంటకోసారి కట్టరు.

ఫ్యాక్టరీలో నెలాఖరుకు కట్టేవాళ్ళం. మధ్యలో యజమాని వచ్చి లాభమెంత అని అడిగితే, "నెల ముగియనివ్వండి సార్" అనేవాణ్ణి. ఆ మాట నాకు నేను చెప్పుకోలేకపోయాను. రాత్రి రెండింటికి మంచినీళ్ళకు లేచినా కంప్యూటర్ ఆన్ చేసేవాణ్ణి. గూగుల్ అనలిటిక్స్‌లో "ఇప్పుడు చూస్తున్నవారు" అనే చోట ఒకటి కనబడితే, ఆ ఒక్కరు వెళ్ళిపోయేదాకా చూస్తూ కూర్చునేవాణ్ణి. అటు అమెరికాలో పగలు కదా. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. ఆ ఒక్కరూ వాడేనని తర్వాత తెలిసింది. తండ్రి ఆరోగ్యంగా ఉన్నాడా లేదా అన్నది కొత్త పోస్టు పడిందా లేదా అని చూసి తెలుసుకునేవాడట.

చివరికి పాత పద్ధతికే వచ్చాను. ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, ప్రతి నెలా ఒకటో తేదీ ఉదయం ఒక్కసారి రాయడం మొదలుపెట్టాను. ఐదు గడులు: ఆ నెల రాసిన పోస్టులు, వచ్చిన మనుషులు, చూసిన పేజీలు, వెతుకులాటలోంచి వచ్చినవాళ్ళు, డబ్బు. మనుషులు వేరు, పేజీలు వేరు. ఒకరే వచ్చి ఆరు పేజీలు చూడొచ్చు. మొదట్లో ఒక నెల బ్లాగర్ చూపించిన అంకె, ఇంకో నెల అనలిటిక్స్ అంకె ఒకే గడిలో రాసి, సగానికి పడిపోయామని బెంగపడ్డాను. ఒకదాన్ని గజాల్లో, ఒకదాన్ని మీటర్లలో కొలిచి గుడ్డ తగ్గిందంటే ఎలా? ఏ కొలత పట్టుకున్నా ఒక్కటే పట్టుకో.

4. అంగడి నువ్వు పెట్టినా, ఏం కావాలో అడిగేది వాళ్ళే.

నాకు ఇష్టమైనవి నా జ్ఞాపకాలు. నాచారంలో ఎన్టీఆర్ రామకృష్ణా స్టూడియో గేటు ముందు నిలబడ్డ రోజుల గురించి పదిహేను రోజులు చెక్కి రాశాను. అలాంటిదే ఇంకొకటి కాలనీ వేపచెట్టు మీద. వీటి మధ్యలో, పాత కార్మికులు ఫోన్లు చేసి అడుగుతుంటే విసుగొచ్చి, ఈఎస్ఐ ఆరోగ్య బీమా గురించి ఒక గంటలో ఒక పోస్టు రాసి పడేశాను. 2017 జనవరి నుంచి జీతం పరిమితి 15 వేల నుంచి 21 వేలకు పెంచారు కదా, ఎవరు వస్తారు, జీతంలోంచి ఎంత పట్టుకుంటారు, కార్డు ఎలా తీసుకోవాలి, జబ్బు పడితే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఎలా ఇస్తారు, కాగితాలేమిటి, అంతే. అందులో సాహిత్యం చుక్క కూడా లేదు.

గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఒకటుంటుంది. జనం ఏ మాటలు కొట్టి వెతికితే నీ పేజీ కనబడిందో, కనబడ్డాక ఎందరు నొక్కారో చెప్తుంది. నువ్వు ఒక్కటే చూడాల్సి వస్తే అది చూడు. నేను దాన్ని రెండేళ్ళు తెరవలేదు. తెరిచిన రోజున వేపచెట్టూ లేదు, స్టూడియో లేదు, పేజీ నిండా ఈఎస్ఐ. అదీ తెలుగు లిపిలో కాదు, ఇంగ్లీషు అక్షరాల్లో "ఈఎస్ఐ కార్డ్ పోతే ఏం చేయాలి" అని తెలుగు మాటలే. మన పిల్లలు తెలుగులో ఆలోచిస్తారు, ఇంగ్లీషు లిపిలో కొడతారు. నాకు సంతోషం కలగలేదు, నిజం చెప్తున్నాను, కాస్త అవమానంగా అనిపించింది. ఆ అహంకారంతోనే ఆ పోస్టును మళ్ళీ ముట్టుకోలేదు. దాని ఫలితం చివర చెప్తాను.

వేపచెట్టు మీద రాయొద్దని కాదు. రాయి. దానికి వచ్చిన పన్నెండు మందిని ఈఎస్ఐకి వచ్చిన వందలతో తూచకు, అంతే.

5. అద్దె ఇంటి అటక మీద దస్తావేజులు దాచుకోకూడదు.

నేను మొదలుపెట్టిన రోజుల్లో తెలుగు బ్లాగర్లకు కూడలి, జల్లెడ, హారం, మాలిక అనే చావడులుండేవి. లేఖినిలో టైపు చేసి ఇక్కడ పోస్టు వేస్తే, అక్కడ శీర్షిక కనబడేది. గంట తిరక్కుండా చదివేవాళ్ళు వచ్చేసేవారు. నా పాఠకుల్లో ముప్పాతికమంది అలా వచ్చినవాళ్ళే. వాళ్ళు నా దగ్గరికి వస్తున్నారనుకున్నాను కానీ, చావడికి వస్తూ నా వైపు తొంగి చూస్తున్నారని అనుకోలేదు. ఆ చావళ్ళలో కొన్ని మూతపడ్డాయి, 2013 జూలైలో బ్లాగులు చదువుకునే గూగుల్ రీడర్ ఆగిపోయింది, కబుర్లన్నీ ఫేస్‌బుక్‌కు తరలిపోయాయి. నా గీత కుంగిపోతుంటే, వయసు మీద పడి రాతలో పస తగ్గిందనుకుని ఏడాది పాటు రాయడమే మానేశాను. ఎంత పిచ్చిపని! దారి మారితే కాళ్ళు పోయాయనుకున్నాను.

రెండోది ఇంకా పెద్ద నష్టం. అనలిటిక్స్ పాత పద్ధతి 2023 జూలై 1తో లెక్కించడం ఆపేసింది. పాత లెక్కలు కావాలంటే దింపుకోండని చాలా ముందునుంచే చెప్తూ వచ్చారు. ఏడాది గడువు కూడా ఇచ్చారు. రేపు చేద్దాం, అబ్బాయి వచ్చినప్పుడు చేయిద్దాం అని వాయిదా వేశాను. 2024 జూలై తర్వాత తెరిస్తే ఏమీ లేదు. పదమూడేళ్ళ లెక్క. ముప్పై ఏళ్ళు వోచర్లు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసినవాణ్ణి నేను! సెర్చ్ కన్సోల్ కూడా పదహారు నెలలకు మించి వెనక్కి చూపించదు. నాకిప్పుడు మిగిలింది ఆ లాంగ్ నోట్‌బుక్కే. అందులోనూ తడిసి కలిసిపోయిన పేజీలు నాలుగున్నాయి.

6. రాబడి చెప్పేవాడిని ఖర్చు అడుగు.

తెలుగు పేజీలకు యాడ్‌సెన్స్ ప్రకటనలు ఇస్తామని గూగుల్ అన్నది 2018లో. అప్పటిదాకా మన భాషలో రాసుకునేవాడికి ఆ దారే లేదు. జూన్‌లో పెట్టాను. మొదటి రోజు సంపాదన ఒక సెంటు. పది డాలర్లు జమయ్యాక ఇంటికి పోస్టులో ఒక కాగితం పంపుతారు. అందులోని ఆరంకెల పిన్ కొడితే మన చిరునామా నిజమని నమ్ముతారు. ఆ పది డాలర్లకు నాకు ఏడు నెలలు పట్టింది. కాగితం కోసం నెలన్నర ఎదురుచూశాను. "పిన్ కోసం అంత ఎదురుచూపేంటి, 500039 కదా" అంది మా ఆవిడ. నేనేమో ఉప్పల్ జీహెచ్ఎంసీలో కలవకముందు నాటి పాత ఇంటి నంబరు రాసి ఉన్నాను. నా తప్పే. రెండోసారి తెప్పించుకుంటే అరచేయంత తెల్ల కాగితం వచ్చింది. అంచులు చింపి తెరిచాం. మా ఆవిడ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది.

వంద డాలర్లు నిండితే గానీ బ్యాంకుకు పంపరు. నా పేజీలకు వెయ్యి చూపులకు అర డాలరు రావడమే గొప్ప. ఇంగ్లీషులో రాసేవాళ్ళ అంకెలు విని నువ్వు అంచనాలు వేసుకోకు. ప్రకటన ఇచ్చేవాడు మన బజారుకు పెట్టే ఖరీదు వేరు. నా మొదటి వంద 2022 ఆఖరుకు నిండింది. బ్యాంకు కోతలు పోను 8,100 రూపాయలు పడ్డాయి. కాలనీ పార్కులో అందరికీ మైసూర్ పాక్ పంచాను. ఆ రాత్రి అలవాటు చొప్పున కాగితం తీసి ఖర్చు రాశాను. సొంత డొమైన్ పేరుకు అన్నేళ్ళకూ కట్టింది 4,000. మిగిలింది 4,100. యాభై నాలుగు నెలలకు భాగిస్తే నెలకు 76 రూపాయలు. కరెంటు, ఇంటర్నెట్ వేయలేదు. మైసూర్ పాక్ ఖర్చూ వేయలేదు, వేస్తే ఏమవుతుందో తెలుసు కనుక.

డబ్బు రాదని నిన్ను భయపెట్టడం లేదు. వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళలో ఎవరైనా నెలకింత అని చెబితే, ఎన్ని నెలలకు, ఎంత ఖర్చు మీద అని అడుగు, అంతే.

7. మొహమాటపు బేరం అమ్మకం కాదు.

ఇది క్లుప్తంగా చెప్పేసి తప్పుకుంటాను. కుటుంబం వాట్సాప్ గ్రూపులో, "అందరూ రోజుకొకసారి నా బ్లాగులో యాడ్ నొక్కండి" అని రాశాను. వదినలు, మరదళ్ళు, మనవలు అందరూ భక్తిగా నొక్కారు. వారంలో ఎన్నడూ చూడనంత సొమ్ము కనిపించింది. ఆ తర్వాతి వారం అదంతా వెనక్కి పోయింది. నెల రోజులపాటు ప్రకటనలే రాలేదు. దొంగ వోచరు రాసి పట్టుబడ్డ గుమాస్తాలా ఉంది నా పరిస్థితి. ఫ్యాక్టరీలో అలాంటి గుమాస్తాను ఒకణ్ణి నేనే పట్టించాను. వాడి మొహం గుర్తొచ్చింది.

8. పైకి పోయే గీత పక్కన తేదీ చూడు.

2019 ఆగస్టు నా నోట్‌బుక్‌లో అప్పటికి అన్నిటికన్నా మంచి నెల. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆ ఈఎస్ఐ పేజీకే. ఆ నెల మధ్యలో ఒక ఈమెయిల్ వచ్చింది. మల్లాపూర్ వైపు ఒక యూనిట్‌లో కాంట్రాక్టు మీద పనిచేసే కుర్రాడు. "మీతో ఒక్కసారి మాట్లాడాలి సార్" అన్నాడు. అభిమాని అనుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. నాచారం చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో కలిశాం.

అతను జేబులోంచి జూలై జీతం చీటీ తీసి బల్ల మీద పరిచాడు. పక్కన ఫోనులో నా పేజీ తెరిచి పెట్టాడు. తెర ఒక మూల పగిలి ఉంది. "సార్, నా జీతం 14 వేలు. మీరు రాసినదాని ప్రకారం ఈఎస్ఐకి 1.75 శాతం, అంటే 245 కట్ చేయాలి. నా దాంట్లో 105 ఉంది." వచ్చే నెలలో భార్యకు ఈఎస్ఐ ఆసుపత్రిలో కాన్పు. కాంట్రాక్టరు తక్కువ కడుతున్నాడేమో, తీరా ఆ రోజున కార్డు చెల్లదంటారేమో అని అతని భయం. సూపర్‌వైజర్‌ను నిలదీశాడు. నా పేజీ చూపించి మరీ నిలదీశాడు. మాటా మాటా పెరిగింది. రెండు రోజులు పనికి రావొద్దన్నారు.

నేను చీటీ చూశాను, ఫోను చూశాను. 2019 జూలై 1 నుంచి కార్మికుడి వాటా 1.75 నుంచి 0.75కు, యజమాని వాటా 4.75 నుంచి 3.25కు తగ్గించారు. పేపర్లో చదివాను కూడా. 105 సరైన లెక్క. చీటీ సరిగ్గానే ఉంది, సూపర్‌వైజర్ చెప్పిందీ సరైనదే, తప్పు ఆ పగిలిన తెర మీద ఉంది.

ఆ మాట చెప్పడానికి నాకు టీ చల్లారేంత సేపు పట్టింది. అతను కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "అయితే కార్డు నడుస్తుందా సార్?" అని మాత్రం అడిగాడు. నడుస్తుందన్నాను. రెండు రోజుల కూలి సుమారు 1,080 రూపాయలు. జేబులో చెయ్యి పెట్టాను కానీ, అతను చెయ్యి అడ్డం పెట్టి టీ డబ్బులు కూడా తనే ఇచ్చాడు. ఆ నెలంతా ఆ పేజీ నాకు సంపాదించిపెట్టింది రెండు డాలర్లు లేదు. లేచి వెళ్ళబోతూ, "ఇంటికెళ్ళాక మార్చండి సార్, మా లైన్‌లో అందరం అదే చూసుకుంటం" అన్నాడు.

ఆటో ఎక్కి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఆ రెండంకెలూ మార్చాను. తర్వాత లాంగ్ నోట్‌బుక్ తీశాను. ఐదు గడుల్లో అంకెలన్నీ నా గుండ్రటి చేతిరాతలో, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. స్కేలు పెట్టి ఆరో గడి గీసి, పైన "సరిచూసిన తేదీ" అని రాశాను. ఆ రోజు తేదీ వేశాను. దానికి ముందరి నెలలన్నిటికీ ఆ గడి ఖాళీగానే ఉంది. నోట్‌బుక్ చూస్తానంటే కిందికి రా, చూపిస్తాను.